తెల్లదనంపై మోజు... ముఖానికి ముప్పు
మెట్ట ప్రాంత విద్యార్థుల అలంకరణలో అప్రమత్తత అవసరం

జగ్గయ్యపేట, నందిగామ: ఉదయం ఎనిమిది గంటలకే విజయవాడ-హైదరాబాద్ జాతీయ రహదారి వెంట బస్టాపులు విద్యార్థులతో కళకళలాడతాయి. వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు, వీరులపాడు మండలాల పల్లెల నుంచి వచ్చే వీరిలో కొందరు జగ్గయ్యపేట, నందిగామ కళాశాలలకు, మరికొందరు కంచికచర్ల వైపు ఇంజినీరింగ్ కళాశాలలకు వెళతారు. అమ్మాయిల్లో చాలామంది కళ్లు తప్ప మిగిలిన ముఖమంతా కనపడకుండా చున్నీ చుట్టుకుంటారు. అబ్బాయిలు సినీ కథానాయకుల తరహాలో గడ్డం దిద్దించుకుని, జుట్టుకు జెల్ పట్టించి బయలుదేరతారు. పుస్తకాల సంచిలో దువ్వెన, చిన్న అద్దం, పెదవులకు రాసుకునే బామ్, వాటి పక్కనే ఒక క్రీము ట్యూబు. యువతరం అలంకరణను తప్పుపట్టాల్సిన పనిలేదు. అయితే ఆ చిన్న ట్యూబులో ఉన్నది సౌందర్య సాధనమా, లేక వైద్యుడు రాయాల్సిన మందా అన్నది తెలుసుకోకపోతే మాత్రం ముప్పు తప్పదు.

పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని ఈ రెండు పట్టణాలు 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. పత్తి, మిరప సాగు, సిమెంటు పరిశ్రమలు, సున్నపురాయి గనులు ఇక్కడి జీవనాధారాలు. ఎండ తీవ్రత అధికం. బోరు నీటిలో లవణాల శాతమూ ఎక్కువే. విద్యార్థుల చర్మానికి, జుట్టుకు ఎదురయ్యే సమస్యల్లో చాలావాటికి మూలం ఈ పరిసరాల్లోనే ఉంది. పరిష్కారం కోసం వెతుకులాటలో కొందరు దారి తప్పుతున్నారు.

అలంకారం కొత్త కాదు

అందంపై ఆసక్తి నేటి యువతతో మొదలైంది కాదు. ఇందుకు జగ్గయ్యపేటే సాక్ష్యం. ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించి, శిల్పాల వివరాలను అమరావతి స్తూపంతో కలిపి 1887లో గ్రంథంగా వెలువరించారు. అక్కడ లభించిన సున్నపురాయి ఫలకాల్లో మాంధాత చక్రవర్తి శిల్పం ప్రసిద్ధమైనది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దానికి చెందినదిగా భావించే ఈ ఫలకం ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఆకాశం నుంచి నాణేలు కురుస్తుండగా నిలబడిన చక్రవర్తి తలపాగా, పెద్ద చెవి ఆభరణాలు, కంఠహారాలు, చేతి కడియాలు ధరించి కనిపిస్తాడు. పక్కనే రాణి కూడా ఆభరణాలతో శోభిల్లుతుంది. రెండు వేల ఏళ్ల క్రితమే ఈ గడ్డపై స్త్రీ పురుషులిద్దరూ అలంకారానికి ప్రాధాన్యమిచ్చారని ఈ శిల్పం చాటుతోంది. నాటి అలంకారం వస్త్రాలు, నగలు, కేశాలకు సంబంధించినది. చర్మం రంగునే మార్చాలన్న తాపత్రయం ఆధునిక వ్యాపార యుగంలో బలపడింది.

చున్నీ ముసుగు మంచిదే

ముఖానికి చున్నీ చుట్టుకోవడాన్ని పెద్దలు కొందరు వింతగా చూస్తారు. నిజానికి మెట్ట ప్రాంతపు ఎండకు, రోడ్డు దుమ్ముకు అది చవకైన రక్షణ. మన చర్మంలో మెలనోసైట్లు అనే కణాలుంటాయి. ఇవి మెలనిన్ అనే వర్ణకాన్ని తయారుచేస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తాకినపుడు లోపలి కణాలను కాపాడేందుకు మెలనిన్ ఎక్కువగా తయారవుతుంది. దాన్నే మనం 'కమిలిపోవడం', 'నల్లబడటం' అంటున్నాం. అంటే నల్లబడటం చర్మం తనను తాను కాపాడుకునే ప్రయత్నమే తప్ప వ్యాధి కాదు. తెల్లనివారిలోనూ, చామనఛాయ వారిలోనూ మెలనోసైట్ల సంఖ్య దాదాపు సమానమే. అవి తయారుచేసే వర్ణకం పరిమాణం, రకంలోనే తేడా ఉంటుంది. ఇది పుట్టుకతో నిర్ణయమైనది. ఏ పూతా దీన్ని శాశ్వతంగా మార్చలేదు.

చున్నీ పలుచగా ఉంటే కిరణాలు లోనికి చొరబడతాయి. దట్టమైన నేత, ముదురు రంగు గల నూలు వస్త్రం మేలు. సన్‌స్క్రీన్ లోషన్లపై ఉండే ఎస్‌పీఎఫ్ అంకె అతినీలలోహిత-బి కిరణాల నుంచి లభించే రక్షణకు కొలమానం. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది సుమారు 97 శాతం, 50 ఉన్నది సుమారు 98 శాతం కిరణాలను అడ్డుకుంటుంది. అంకె పెరిగినంత మాత్రాన రక్షణ అదే దామాషాలో పెరగదని దీన్నిబట్టి అర్థమవుతుంది. బస్సు కిటికీ అద్దం బి రకం కిరణాలను ఆపినా, ఎ రకం కిరణాలను చాలావరకు లోనికి రానిస్తుంది. కాబట్టి రెండింటి నుంచీ రక్షణ ఇచ్చేదాన్ని ఎంచుకోవాలి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పరచినంత లోషన్ ముఖానికి, మెడకు అవసరం. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. పొద్దున ఒక చుక్క రాసుకుని సాయంత్రం వరకు తిరిగితే ప్రయోజనం ఉండదు. చున్నీ, గొడుగు ఉన్నవారికి ఈ ఖర్చు కొంత తగ్గుతుంది.

వారంలో మెరుపు... ఏమిటా మర్మం?

స్నేహితురాలు వాడిందని, బంధువు చెప్పారని, బ్యూటీపార్లర్‌లో సూచించారని కొందరు మందుల దుకాణంలో చీటీ లేకుండా క్రీములు కొంటారు. ఊళ్లోని ఆర్‌ఎంపీని అడిగి రాసుకునేవారూ ఉంటారు. ధర తక్కువ. ఫలితం వారం, పది రోజుల్లోనే కనిపిస్తుంది. మొటిమలు తగ్గుతాయి. ముఖం తెల్లగా, నున్నగా మారుతుంది. అసలు ప్రమాదం ఈ తొలి ఫలితంలోనే దాగి ఉంది.

ఇలాంటి క్రీముల్లో బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. తామర కాని ఎగ్జిమా, సోరియాసిస్ వంటి చర్మవ్యాధులకు వైద్యుల పర్యవేక్షణలో, పరిమిత కాలం వాడేందుకు ఇవి ఉపయోగపడే మందులే. స్టెరాయిడ్ రాసినపుడు చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. దాంతో చర్మం పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. వాపు, ఎరుపు అణగిపోతాయి. మెలనిన్ తయారీ మందగిస్తుంది. ఇదంతా చూసి 'రంగు వచ్చింది' అని భ్రమిస్తారు. ముంజేతితో పోలిస్తే ముఖ చర్మం ఈ మందును కొన్ని రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే నష్టం కూడా ముఖంపైనే త్వరగా బయటపడుతుంది.

నెలల తరబడి వాడితే చర్మం పలుచబడుతుంది. బుగ్గలపై ఎర్రని సన్నని నరాల వంటి గీతలు తేలతాయి. మొటిమలు మునుపటికంటే ఎక్కువగా వస్తాయి. ఆడపిల్లల ముఖంపై అవాంఛిత రోమాలు మొలుస్తాయి. ఎండలోకి వెళ్లినా, పొయ్యి దగ్గర నిలబడినా ముఖం మండిపోతుంది. భయపడి క్రీము మానేస్తే రెండు మూడు రోజుల్లోనే ఎరుపు, దురద, మంట విజృంభిస్తాయి. మళ్లీ రాస్తే తగ్గుతాయి. దీంతో 'ఈ క్రీము లేకపోతే నా ముఖం బాగుండదు' అనే స్థితికి చేరతారు. ఈ విషవలయాన్ని వైద్యులు 'స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం' అనే అర్థం వచ్చే పేరుతో ప్రత్యేక సమస్యగా గుర్తించారు.

ఇదే మందును తామరకు రాస్తే మరో చిక్కు. దురద తాత్కాలికంగా తగ్గుతుంది కానీ, శిలీంధ్రం లోలోపల విస్తరిస్తుంది. మచ్చ ఆకారం మారిపోయి వైద్యులకు సైతం గుర్తించడం కష్టమవుతుంది. హాస్టళ్లలో తువ్వాళ్లు, దుస్తులు పంచుకునే విద్యార్థులకు ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది.

కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్‌తోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపి ఉంటాయి. ముఖంపై నల్లని మంగు మచ్చల చికిత్స కోసం 1975లో అమెరికా వైద్యులు క్లిగ్మన్, విల్లిస్ ప్రకటించిన సూత్రం దీనికి మూలం. కొద్ది వారాల చికిత్సకు ఉద్దేశించిన ఈ మిశ్రమాన్ని రోజూ రాసుకునే పౌడరులా వాడటం వల్లే అనర్థాలు తలెత్తుతున్నాయి. హైడ్రోక్వినోన్‌ను ఏళ్ల తరబడి వాడితే చర్మం తెల్లబడకపోగా నీలి నలుపు మచ్చలు ఏర్పడే అవకాశం ఉంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

దేశవ్యాప్తంగా 12 చర్మవైద్య కేంద్రాల్లో జరిపిన అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించగా 433 మంది స్టెరాయిడ్ క్రీములు రాసుకుంటున్నట్లు తేలింది. వారిలో 29 శాతం మంది తెల్లబడేందుకు లేదా మామూలు క్రీములా, 24 శాతం మంది మొటిమలకు వాడారు. సుమారు 59 శాతం మంది వైద్యులు కానివారి సలహాతోనే మొదలుపెట్టారు. వాడినవారిలో 90 శాతం మందికిపైగా దుష్ఫలితాలు కనిపించాయి.

చర్మవైద్య నిపుణుల సంఘం ఈ విషయమై ఏళ్లపాటు ఒత్తిడి తెచ్చింది. ఫలితంగా కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో 14 రకాల పైపూత స్టెరాయిడ్లను 'షెడ్యూల్ హెచ్' పరిధిలోకి తెచ్చింది. అంటే వీటిని గుర్తింపు పొందిన వైద్యుడి చీటీ లేకుండా విక్రయించరాదు. చట్టం ఉన్నా, అడిగి తీసుకునేవారు, అడగకుండా ఇచ్చేవారు ఉన్నంతకాలం అది కాగితానికే పరిమితమవుతుంది.

పాదరసంతో కిడ్నీలకు చేటు

చిరునామా సరిగా లేని క్రీములతో మరో ప్రమాదం పొంచి ఉంది. మెలనిన్ తయారీని అడ్డుకునేందుకు కొందరు తయారీదారులు పాదరసం కలుపుతారు. ఇది చర్మం ద్వారా రక్తంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒక రకమైన మూత్రపిండ వ్యాధితో చికిత్స పొందిన 22 మందిని వైద్యులు పరిశీలించారు. వారిలో 15 మందికి అరుదైన 'నెల్-1' రకం వ్యాధి ఉన్నట్లు తేలింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారే. కాళ్ల వాపు, మూత్రంలో నురుగు వంటి లక్షణాలతో వారు ఆసుపత్రికి వచ్చారు. తరగతి గదిలో చదువుకోవాల్సిన వయసులో ఆసుపత్రి పాలు కావడానికి ఒక చిన్న డబ్బా చాలునని ఈ ఉదంతం హెచ్చరిస్తోంది. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, పదార్థాల జాబితా లేని డబ్బాను కొనకపోవడమే క్షేమం.

జుట్టు రాలుతోందా... నీరొక్కటే కారణం కాదు

'ఇక్కడి నీళ్లకు జుట్టు ఊడిపోతోంది' అనే మాట హాస్టళ్లలో తరచూ వినిపిస్తుంది. సున్నపురాయి నేలల గుండా ఊరే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. సబ్బుతో తలంటుకుంటే అవి సబ్బుతో కలిసి తెల్లని తెట్టులా మారి వెంట్రుకలకు అంటుకుంటాయి. జుట్టు పీచులా తయారై దువ్వేటపుడు చిట్లుతుంది. ఇది వెంట్రుక తెగడమే తప్ప కుదురుతో ఊడటం కాదు. షాంపూ లేదా కుంకుడు రసం ఇలాంటి నీటిలోనూ కొంత మెరుగ్గా పనిచేస్తాయి. చివరిలో ఒక చెంబు మంచినీటితో తల కడుక్కుంటే తెట్టు పోతుంది.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. అంతకుమించి రాలితే నీటిని నిందించే ముందు పళ్లెంలోని అన్నాన్ని చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. పొద్దున టిఫిను మానేసి బస్సెక్కే విద్యార్థినుల్లో ఇనుము లోపం జుట్టు రాలడానికి ఒక ముఖ్య కారణం కావచ్చు. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా ఊడటమూ మామూలే. అది తిరిగి మొలుస్తుంది. ఖరీదైన నూనెలకు డబ్బు పోసే ముందు రక్తంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం ఉత్తమం. తోటకూర, మునగాకు, రాగులు, బెల్లం, వీలైతే గుడ్లు, మాంసం ఆహారంలో చేర్చుకోవాలి. వీటితోపాటు నిమ్మరసం తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది.

గోరింటాకు, రోల్డ్‌గోల్డ్

ఆషాఢం వచ్చిందంటే గోరింటాకు పండగే. రుబ్బిన ఆకు గంటల తరబడి ఉంచితే గానీ పండదు. మొదట నారింజ రంగులో ఉండి, మరునాటికి ఎరుపు తిరుగుతుంది. ఇది లాసోన్ అనే సహజ వర్ణకం గుణం. అరగంటలోనే నల్లగా పండే కోనులు అమ్ముతుంటే మాత్రం సందేహించాలి. తలకు వేసే రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనాన్ని కలిపితేనే అంత నలుపు వస్తుంది. ఇది సరిపడనివారికి బొబ్బలెక్కి, ఆ గీతల వెంబడే మచ్చలు మిగులుతాయి. ఒకసారి ఇలా జరిగినవారికి జీవితాంతం జుట్టు రంగు కూడా పడకపోవచ్చు.

కళాశాల వేడుకలకు బందరు రోల్డ్‌గోల్డ్ నగలు అమ్మాయిల మొదటి ఎంపిక. బంగారం ధర అందనంత ఎత్తుకు చేరడంతో వీటి ఆదరణ మరింత పెరిగింది. అయితే పూత అరిగిన చవక నగల్లోని నికెల్ లోహం చెమటలో కరిగి చర్మానికి తగిలితే కొందరికి చెవి తమ్మెలు, మెడ వద్ద దురద, రసి కారడం కనిపిస్తాయి. ఇలాంటివారు పూత అరిగిన నగలను పక్కన పెట్టాలి. చెమట పట్టే ఎండాకాలంలో ఎక్కువసేపు ధరించరాదు.

కనుబొమలు దిద్దించుకునేందుకు పార్లర్‌కు వెళ్లినపుడు కొత్త దారం వాడమని అడగాలి. దారాన్ని నోటితో పట్టుకోవడం, ఒకే దారాన్ని పలువురికి వాడటం వల్ల పులిపిర్లు, చీముపొక్కులు సోకే వీలుంది. అబ్బాయిలు సైతం క్షౌరశాలలో కొత్త బ్లేడు వేయమని కోరాలి. వాడిన బ్లేడు వల్ల హెపటైటిస్-బి, సి వ్యాపించే ప్రమాదం ఉంది.

చామనఛాయకు ఎందుకీ చిన్నచూపు?

మన దేశంలో తెల్లదనపు క్రీముల వ్యాపారం 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ రాకతో ఊపందుకుంది. 2005లో మగవారి కోసమూ ప్రత్యేక క్రీము మార్కెట్లోకి వచ్చింది. నల్లగా ఉన్నవారికి ఉద్యోగం రాదు, పెళ్లి కాదు అన్న భావన కలిగించే ప్రకటనలను భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో మార్గదర్శకాల ద్వారా నిరోధించింది. ప్రపంచవ్యాప్తంగా వర్ణవివక్షపై ఆందోళనలు చెలరేగిన 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. పేరు మారినా పెళ్లి సంబంధాల్లో 'పిల్ల రంగెలా ఉంటుంది?' అన్న ప్రశ్న మాత్రం మారలేదు.

తెలుగు కుటుంబానికి చెందిన నీనా దావులూరి ఉదంతం ఇందుకు కనువిప్పు. పసితనంలో కొంతకాలం విజయవాడలో అమ్మమ్మ వద్ద పెరిగిన ఆమె 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం గెలిచారు. భారతీయ సంతతి నుంచి ఆ ఘనత సాధించిన తొలి మహిళ ఆమే. ఇంత చామనఛాయ అమ్మాయి భారత్‌లో పోటీపడితే గెలిచేదేనా అన్న చర్చ అప్పట్లో ఇక్కడి పత్రికల్లో సాగింది. అమెరికాలో అందగత్తెగా నిలిచిన రంగు సొంతగడ్డపై లోపంగా కనిపించడం ఆలోచించాల్సిన విషయం. ఆ తర్వాత ఆమె రంగు వివక్షకు వ్యతిరేకంగా గళమెత్తారు.

ఇంట్లో పెద్దలు, బంధువులు సరదాకైనా 'నల్లపిల్ల' అని పిలవడం, అక్కచెల్లెళ్ల రంగును పోల్చడం పసిమనసులపై ముద్ర వేస్తుంది. చీటీ లేని ట్యూబు కోసం దుకాణానికి నడిపించేది చాలాసార్లు ఆ మాటే. పిల్లలు ముఖానికి ఏం రాస్తున్నారో గమనించడం ఎంత అవసరమో, వారి ముందు ఏం మాట్లాడుతున్నామో గమనించుకోవడమూ అంతే అవసరం.

ఇవి పాటించాలి

* ట్యూబుపై పదార్థాల పేర్లు చదవాలి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినొలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. 'షెడ్యూల్ హెచ్' హెచ్చరిక ఉంటే వైద్యుడి చీటీ తప్పనిసరి.

* ఇప్పటికే నెలలుగా వాడుతున్నవారు భయంతో ఒక్కసారిగా మానేసి ఊరుకోరాదు. అలాగని కొనసాగించనూ రాదు. ఆ ట్యూబును వెంట తీసుకుని చర్మవైద్యుడిని కలవాలి. మానే క్రమంలో వచ్చే మంటను తగ్గించే మార్గాలున్నాయి. కోలుకునేందుకు నెలలు పట్టవచ్చు. ఓపిక అవసరం.

* విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకం కింద విద్యార్థినులు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అక్కడికి ఉచితంగా వెళ్లిరావచ్చు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపాలి.

* మొటిమలు యుక్తవయసులో సహజం. గిల్లరాదు. రోజుకు రెండుసార్లు సున్నితమైన సబ్బుతో ముఖం కడిగితే చాలు. తగ్గకపోతే వైద్య చికిత్స ఉంది.

* సున్నిపిండి, శనగపిండి జిడ్డును, మురికిని తొలగిస్తాయి. పుట్టుకతో వచ్చిన రంగును మార్చవు. మొటిమలున్న ముఖాన్ని వాటితో గట్టిగా రుద్దితే పుండ్లు పడతాయి.

* దువ్వెన, తువ్వాలు, రేజరు, కాటుక, లిప్‌స్టిక్ ఇతరులతో పంచుకోరాదు.

* చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీములు అమ్ముతున్నట్లు గమనిస్తే ఔషధ నియంత్రణ శాఖ అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు.

వారంలో తెల్లబరుస్తామనే ఏ క్రీమునైనా కొనే ముందు అందులో ఏముందో అడగడం వినియోగదారుడి హక్కు. సమాధానం రాకపోతే కొనకుండా వెనుదిరగడం ముఖానికీ, జేబుకూ మేలు.